మొదలుపెట్టలేని థీసిస్, జవాబివ్వని మెయిల్

ప్రశ్న: నా వయసు 33. ఉద్యోగం చేస్తూనే పార్ట్‌టైమ్‌లో పీజీ చదువుతున్నాను. తరగతులు, పరీక్షలు అన్నీ పూర్తయ్యాయి, థీసిస్ ఒక్కటే మిగిలింది. దానికి కావలసిన సమాచారమంతా సేకరించి 14 నెలలైంది. రాసింది మాత్రం మొదటి అధ్యాయంలో ఆరు పేజీలు. ప్రతి ఆదివారం రాత్రి కొత్త టైమ్‌టేబుల్ వేసుకుంటాను, రోజూ తెల్లవారుజామున ఐదింటికి లేచి రెండు గంటలు రాయాలనుకుంటాను. బుధవారానికల్లా అది అటకెక్కుతుంది. ఫైలు తెరవగానే ఇల్లు సర్దాలనిపిస్తుంది, ఎప్పటివో మెయిళ్ళు గుర్తొస్తాయి. ఇన్నాళ్ళు తీసుకుని ఇంతేనా రాసింది అనిపించి మూసేస్తాను. రెండు నెలల క్రితం మా గైడ్ ‘ఎంతవరకు వచ్చింది?’ అని మెయిల్ పెట్టారు, దానికీ ఇంతవరకు జవాబివ్వలేదు. ఆఫీసులో మాత్రం నా పనులన్నీ గడువులోగా ముగిస్తాను. నాలో ఉన్నది సోమరితనమా? క్రమశిక్షణ ఎలా అలవడుతుంది? ఇంట్లోవాళ్ళు అడిగితే ‘అయిపోవచ్చింది’ అంటున్నాను. ఇంకెన్నాళ్ళు అలా చెప్పను?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం నా బల్లమీదికి వచ్చి పదకొండు రోజులైంది. దాని తర్వాత వచ్చిన నాలుగు చిన్న ఉత్తరాలకు ఈలోగా జవాబులు రాసి పంపేశాను. మీది వివరమైన జవాబు కోరే ఉత్తరం కనుక తీరిగ్గా రాద్దామని పక్కన పెట్టానని నాకు నేను చెప్పుకున్నాను గాని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడం వల్ల కలిగే చికాకును తప్పించుకోవడానికి తేలికగా తెమిలే పనులను ముందుకు లాక్కున్నానన్నదే నిజం. మీరడిగిన మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. సోమరి పని మానేసి ఊరికే కూర్చుంటాడు, కూర్చున్నందుకు సంతోషంగానే ఉంటాడు. మీరు థీసిస్ పక్కన పెట్టి ఇల్లు సర్దుతున్నారు, పాత మెయిళ్ళు తెమల్చాలనుకుంటున్నారు, ఆఫీసు పని సకాలంలో ముగిస్తున్నారు, అయినా మనసులో నొచ్చుకుంటూనే ఉన్నారు. పని చేసే ఓపిక మీకు లేకపోలేదు. అది ఒక్క ఫైలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారి మళ్ళుతోంది. కనుక ఆ ఫైలు దగ్గర ఏం జరుగుతోందో ముందు చూద్దాం.

వాయిదా వేసే అలవాటును చాలాకాలం సమయపాలన లోపంగానే చూశారు, అందుకే దానికి చెప్పే మందులన్నీ టైమ్‌టేబుళ్ళు, డైరీలు, అలారాలు. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫ్యూషా సిరువా, టిమొతీ పిచిల్ 2013లో ప్రచురించిన వ్యాసంలో దీన్ని మరో వైపు నుంచి చూశారు. పనిని వాయిదా వేసే మనిషి ఆ పని తలపెట్టగానే మనసులో రేగే ఇబ్బంది నుంచి తప్పించుకుంటున్నాడని, ఇప్పటికిప్పుడు కుదుటపడటం కోసం ఆ భారాన్ని రేపటి తన నెత్తిన పెడుతున్నాడని వారి వాదన సారం. మీకు కలిగే ఆ ఇబ్బంది ఏమిటో ఊహించడం కష్టం కాదు. ఆఫీసు పనికి హద్దులు మరొకరు గీస్తారు, అది సరిగా రాకపోతే పని బాగాలేదంటారు. థీసిస్‌కు హద్దులు మీరే గీసుకోవాలి, అది సరిగా రాకపోతే తనకే అంత తెలివి లేదని తేలిపోతుందేమోనన్న భయం లోపల ఎక్కడో ఉంటుంది. ఫైలు మూయగానే ఆ భయం పోతుంది, ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయే చిక్కు తెచ్చిపెడుతుంది. ఫైలు మూస్తే ఉపశమనం దొరుకుతుందని మనసు ఒకసారి నేర్చుకుందంటే మరుసటిరోజు ఇంకాస్త త్వరగా మూయిస్తుంది. డయాన్ టైస్, రాయ్ బౌమైస్టర్ 1997లో ప్రచురించిన అధ్యయనంలో వాయిదా వేసే విద్యార్థులు సెమిస్టర్ మొదట్లో మిగతావారికన్నా తక్కువ ఒత్తిడితోనే ఉన్నారు. చివరికొచ్చేసరికి వారి ఒత్తిడీ అనారోగ్యమూ మిగతావారిని మించిపోయాయి, మార్కులు కూడా తగ్గాయి. మొదట్లో దక్కిన సుఖం ఉత్తది కాదు, నిజమైన సుఖమే. అందుకే ఈ అలవాటును తిట్టుకున్నంత మాత్రాన అది వదలదు.

ఇప్పుడు గైడ్ మెయిల్ సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది ఆ ఒక్క వాక్యమే. మెయిల్ వచ్చిన రోజున జవాబు రాయడానికి మూడు నిమిషాలు పట్టేది: ‘ఆరు పేజీలయ్యాయి, నెమ్మదిగా సాగుతోంది’ అంటే సరిపోయేది. వారం దాటాక ఆలస్యానికి ఒక సంజాయిషీ చేర్చవలసి వచ్చింది. నెల దాటాక వట్టి సంజాయిషీ చాలదనిపించింది, ఏదైనా రాసి జతచేస్తే తప్ప ముఖం చూపించలేననిపించింది. రెండు నెలలయ్యేసరికి పూర్తి అధ్యాయం పంపితేగాని పరువు దక్కదన్న స్థితికి వచ్చారు. ఇలా మూడు నిమిషాల పని ఒక అధ్యాయమంత పెరిగింది, ఆ అధ్యాయం రాయడం ఇప్పుడు చదువు కోసం కాక పరువు కోసం చేయవలసిన పనిగా మారింది కనుక మరింత బరువెక్కింది. అప్పు మీద వడ్డీ, ఆ వడ్డీ మీద వడ్డీ అంటే ఇదే. వాయిదా పడ్డ పనుల్లో చాలావాటికి అసలు చిన్నదే, భయపెట్టేది వడ్డీ. ఈ వడ్డీని ఏ టైమ్‌టేబులూ తీర్చలేదు, దాన్ని ఒక్కసారిగా రద్దు చేయించుకోవాలి, అది చేయగలిగినవారు మీ గైడ్ ఒక్కరే.

కనుక మీరు ముందుగా చేయవలసింది థీసిస్ రాయడం కాదు. ఈ రోజు రాత్రి పడుకునేలోగా ఇలాంటి నాలుగు వాక్యాలు పంపండి: ‘మీ మెయిల్‌కు రెండు నెలలుగా జవాబివ్వనందుకు క్షమించండి. సమాచార సేకరణ పూర్తయింది, మొదటి అధ్యాయంలో ఆరు పేజీలు రాశాను. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా శుక్రవారంనాడు పంపిస్తాను. ఆ తర్వాత రెండు వారాలకొకసారి, ఎంత తయారైతే అంత పంపడానికి అనుమతి కోరుతున్నాను.’ కారణాలు రాయకండి. కారణాలు రాయడం మొదలుపెడితే అది మూడు పేజీలవుతుంది, ఆ మూడు పేజీలను సరిదిద్దడం మరో వాయిదా అవుతుంది. గైడ్ కోప్పడవచ్చు. కోప్పడితే ఒక సాయంత్రం బాధపడతారు, ఈ రెండు నెలలుగా రోజూ పడుతున్నదానికన్నా అది తక్కువే. విద్యార్థుల ఆలస్యాలు చూడటం గైడ్‌లకు కొత్త కాదు, వారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మౌనమే.

రెండో ప్రశ్న, క్రమశిక్షణ. ఈ మాట వినగానే మనకు పళ్ళ బిగువున తనను తాను అణచుకునే మనిషి కళ్ళముందు మెదులుతాడు. పరిశోధన చూపించే బొమ్మ వేరు. 2012లో ప్రచురితమైన ఒక జర్మన్ అధ్యయనంలో 205 మంది పెద్దలను రోజులో అనేకసార్లు పలకరించి, ఆ క్షణాన ఏ కోరిక కలిగింది, దాన్ని ఆపుకోవలసి వచ్చిందా అని అడిగారు. స్వీయ నియంత్రణ ఎక్కువగా ఉన్నవారు ఆ రోజుల్లో కోరికలతో ఎక్కువగా పోరాడి ఉంటారని అనుకుంటాం. అలాంటి పోరాటమే వారికి తక్కువగా ఎదురైనట్టు తేలింది. పోరాడవలసిన చోటికి వెళ్ళకుండా ముందే దారి సర్దుకోవడం వారి నేర్పు కావచ్చునని పరిశోధకులు భావించారు. సంకల్పబలం వాడేకొద్దీ ఖర్చయిపోయే నిల్వ అన్న ప్రసిద్ధ సిద్ధాంతం కూడా ఇప్పుడు అంత గట్టిగా నిలబడి లేదు. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి, రెండు వేలకు పైగా మందితో దాన్ని మళ్ళీ పరీక్షించినప్పుడు ఆ ప్రభావం దాదాపు శూన్యమని వచ్చింది. కనుక మీ సంకల్పబలం ఎంతన్నది కొలుచుకుంటూ కూర్చోవలసిన పని లేదు.

మీ ఆదివారం రాత్రి టైమ్‌టేబుల్ గురించి కాస్త కటువుగా మాట్లాడక తప్పదు. దాన్ని వేసుకుంటున్నప్పుడు మీకు ఎంతో తృప్తిగా ఉండి ఉంటుంది. పని చేయకుండానే చేసినంత తృప్తినివ్వడం టైమ్‌టేబుళ్ళ పెద్ద గుణం. దాన్ని వేసేది తిని, విశ్రాంతి తీసుకుని, రేపటి మీద ఆశతో ఉన్న మీరు. అమలు చేయవలసింది నిద్ర చాలని, ఆఫీసుకు వేళవుతున్న మీరు. వీరిద్దరికీ పరిచయం ఉన్నట్టు లేదు. పద్నాలుగు నెలలుగా రోజుకు పది నిమిషాలు కూడా కుదరని పనికి రెండు గంటలు కేటాయించడం ఆరంభశూరత్వం. ఐదింటికి లేవడం అసలు వేరే అలవాటు, దాన్ని థీసిస్ మీద ఎక్కించి రెండింటినీ ఒకేసారి మోయబోయారు, బుధవారం రెండూ పడిపోయాయి. మీరు మామూలుగా ఎన్నింటికి లేస్తారో అన్నింటికే లేవండి.

టైమ్‌టేబుల్‌కు బదులు ఒకే ఒక వాక్యం రాసుకోండి: ‘ఫలానాది జరిగినప్పుడు, ఫలానా చోట కూర్చుని, ఫలానా పని చేస్తాను.’ ఇది చూడటానికి పిల్లల పాఠంలా ఉంటుంది గాని, దీని వెనక గట్టి ఆధారాలే ఉన్నాయి. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్సర్, ఆయన సహపరిశోధకురాలు 1997లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, క్రిస్మస్ ముందు రోజును ఎలా గడిపారో 48 గంటల్లోగా రాసి పంపమని విద్యార్థులను కోరారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందుగా రాసుకున్నవారిలో 70 శాతానికి పైగా గడువులోగా పంపారు, అలా రాసుకోనివారిలో మూడో వంతు మందే పంపారు. ఈ తరహా సంకల్పాల మీద జరిగిన 94 పరీక్షలను 2006లో కలిపి విశ్లేషించినప్పుడు కూడా ప్రభావం చెప్పుకోదగినంతగానే ఉంది. ఇందులో కిటుకు ఏమిటంటే, మొదలుపెట్టాలా వద్దా అన్న ప్రశ్న ఆ వేళకు మీ ముందు ఉండదు. మీరు వాయిదా వేసేది ఆ ప్రశ్న తలెత్తిన అర నిమిషంలోనే కదా.

ఆ వాక్యంలో ‘ఫలానా పని’ అన్నచోట ఏం రాస్తారన్నది అన్నిటికన్నా ముఖ్యం. ‘థీసిస్ రాయాలి’ అన్నది పని కాదు, అది కొన్ని వందల పనులకు పెట్టిన పేరు. ‘రెండో అధ్యాయం రాయాలి’ అన్నదీ పని కాదు. ‘మూడో పట్టికలో కనిపిస్తున్నదేమిటో ఐదు వాక్యాల్లో చెప్పాలి’ అన్నది పని, ఎందుకంటే దాన్ని చదవగానే చేతులు ఏం చేయాలో వాటికి తెలుస్తుంది. నన్నడిగితే పరీక్ష ఇదొక్కటే: కూర్చున్న రెండు నిమిషాల్లో మీ వేళ్ళు కదలకపోతే మీరు రాసుకున్న పని ఇంకా పెద్దదని అర్థం, దాన్ని మళ్ళీ చీల్చండి. మొదటి రెండు వారాలు రోజుకు ఇరవై ఐదు నిమిషాలకు మించి కూర్చోకండి. ఊపు వచ్చి ఇంకా రాయాలనిపించినా లేచిపోండి. ఇది వింతగా తోచవచ్చు, కానీ ఈ రెండు వారాల్లో మీకు కావలసింది పేజీలు కాదు, ఆ ఫైలు తెరిస్తే ఏమీ కాదన్న నమ్మకం. లేచేముందు రేపు రాయవలసిన మొదటి వాక్యం ఏ విషయం గురించో ఒక్క ముక్క ఫైలు చివర రాసి పెట్టండి. మరుసటిరోజు ఫైలు తెరిచేసరికి ఖాళీ పేజీకి బదులు మీ చేతిరాత లాంటిదేదో ఎదురవుతుంది.

రాసింది బాగుండాలన్న పట్టు కొన్నాళ్ళు వదలండి. మొదటి చిత్తుప్రతి మరొకరు చదవడానికి కాదు, మీకు తెలిసినదేమిటో మీరే చూసుకోవడానికి. రాస్తూనే దిద్దేవారు ఒక పేరా దాటి ముందుకు పోరు, మీ ఆరు పేజీలు కూడా పదేపదే దిద్దుకున్న ఆరు పేజీలే అయి ఉంటాయని నా అనుమానం. పొరపాటైతే మన్నించండి.

ఫోన్ గురించి అందరూ చెప్పేదే నేనూ చెబుతాను: ఆ ఇరవై ఐదు నిమిషాలూ అది మరో గదిలో ఉండాలి. బోర్లా పెట్టడం, శబ్దం ఆపడం చాలవు.

ఇక ఎన్నాళ్ళలో పూర్తవుతుందన్న లెక్క. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనంలో థీసిస్ చివరి దశలో ఉన్న 37 మంది విద్యార్థులను ఎప్పటికి ముగిస్తారని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందంటే 48.6 రోజులన్నారు. నిజంగా పట్టింది 55.5 రోజులు. ఎంత చెడుగా ఊహించుకున్నా వాస్తవం దాన్ని దాటిపోయిందన్నమాట, అనుకున్న రోజుకు ముగించినవారు మూడో వంతు కూడా లేరు. రాబోయే పనిని ఊహించేటప్పుడు మనం అది నల్లేరు మీద నడకలా సాగే దృశ్యాన్నే చూస్తాం, ఇంతకుముందు ఇలాంటి పనికి ఎంత పట్టిందో గుర్తు చేసుకోం. అందువల్ల మీరు ‘మూడు నెలల్లో ముగిస్తాను’ అని గైడ్‌కు గాని మీకు గాని మాట ఇవ్వవద్దు. మొదటి నాలుగు వారాలు రాసిన పేజీలు లెక్కపెట్టండి, ఆ వేగంతో మిగిలినదానికి ఎంత పడుతుందో భాగించి చూడండి. వచ్చిన అంకె నిరుత్సాహపరచవచ్చు. అయినా అది మీ చేతి నుంచి వచ్చిన అంకె, ఆదివారం రాత్రి ఆశ నుంచి వచ్చినది కాదు. విశ్వవిద్యాలయం పెట్టిన తుది గడువు అంతకన్నా ముందే ఉంటే, పొడిగింపు అడగాలా, థీసిస్ పరిధి తగ్గించాలా అన్నది అప్పుడు గైడ్‌తో మాట్లాడవచ్చు.

కొత్త అలవాటు 21 రోజుల్లో స్థిరపడుతుందని మీరు ఎక్కడో వినే ఉంటారు. ఆ అంకెకు మూలం 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట. మారిన ముఖానికి అలవాటు పడటానికి తన రోగులకు కనీసం 21 రోజులు పడుతోందన్నారాయన. అది నోళ్ళలో నాని, ‘కనీసం’ అన్నది రాలిపోయి, అన్ని అలవాట్లకూ సూత్రమై కూర్చుంది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలపాటు గమనించి 2010లో ప్రచురించిన ఫలితాల్లో, ఒక చిన్న పని అప్రయత్నంగా జరిగే స్థాయికి రావడానికి పట్టే కాలం మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని అంచనా వేశారు. మధ్యస్థంగా 66 రోజులు. మీకు వీటన్నిటికన్నా పనికొచ్చే సంగతి అదే అధ్యయనంలో మరొకటి ఉంది: మధ్యలో ఒక రోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు ఏర్పడటానికి చెప్పుకోదగ్గ ఆటంకం కలగలేదు.

మీ బుధవారాలను కూలదోస్తున్నది ఇక్కడే ఉంది. బుధవారం తప్పగానే ఈ వారం పాడైపోయిందని తీర్మానించి ఆదివారం వరకు ఆగుతున్నారు. తప్పింది ఒక్క రోజు, పోగొట్టుకుంటున్నది నాలుగు. గురువారం మీద ఆదివారానికి ఏ ప్రత్యేక హక్కూ లేదు. తప్పినందుకు తనను తాను కఠినంగా శిక్షించుకుంటేనే దారిలో పడతామన్నది కూడా నమ్మదగిన మాట కాదు. 2010లో కెనడాలో 119 మంది మొదటి సంవత్సరం విద్యార్థుల మీద జరిగిన అధ్యయనంలో, తొలి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము మన్నించుకున్నవారు తర్వాతి పరీక్షకు వాయిదాలు తగ్గించుకున్నారు. వాయిదా అంటే మనసులోని ఇబ్బంది నుంచి తప్పించుకోవడమేనని పైన చెప్పుకున్నదానితో కలిపి చూస్తే ఇందులో వింత లేదు. అపరాధభావం కూడా చేదు భావమే, ఆ ఫైలుకు అది అంటుకుంటే ఫైలు తెరవడం మరింత కష్టమవుతుంది. మన్నించుకోవడమంటే ఏమీ జరగనట్టు నటించడం కాదు. బుధవారం తప్పిందని కాగితం మీద రాసుకుని, గురువారం అదే వేళకు అదే కుర్చీలో కూర్చోవడం.

రెండు విషయాలు మీరు ఒంటరిగా ఉన్నప్పుడు ఆలోచించుకోవాలి. ఒకటి, ఈ పట్టా మీకు ఇంకా కావాలా? మొదలుపెట్టినప్పుడు ఉన్న కారణం ఇప్పుడు లేకపోవచ్చు. వద్దనుకుంటే ఆలోచించి, గైడ్‌కు చెప్పి, మానేయడంలో సిగ్గుపడవలసింది లేదు. నిర్ణయం తీసుకోకుండా గడువు దానంతటదే దాటిపోయేలా చూడటం మాత్రం మానేయడం కిందికి రాదు, అది మరో వాయిదా. మీ ఉత్తరం చదివితే నాకు మాత్రం మీకు అది కావాలనే అనిపించింది. రెండోది, థీసిస్ ఒక్కటే కాక మిగతా పనుల మీద కూడా ఆసక్తి పోతుంటే, నిద్ర, ఆకలి మారిపోయి వారాల తరబడి దిగులుగా ఉంటుంటే, లేదా చిన్నప్పటి నుంచీ ఏ పని మీదా దృష్టి నిలవకపోవడం ఉంటే, ఈ జవాబు చాలదు. కుంగుబాటు, ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపడం కష్టమయ్యే సమస్య) వంటివి పైకి వాయిదా వేయడంలాగే కనిపిస్తాయి, వాటికి వైద్యుని సలహా, చికిత్స అవసరం. ఆఫీసు పని సవ్యంగా సాగుతోందన్నారు కనుక మీది అది కాకపోవచ్చు గాని, ఉత్తరం చదివి తేల్చగల సంగతి కాదు.

ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పాలన్నారు. ‘అయిపోవచ్చింది’ అన్న ప్రతిసారీ గైడ్ మెయిల్‌లాగే ఇక్కడ కూడా వడ్డీ పెరుగుతోంది, పైగా సాయపడగలిగినవారు మీకు సాయం అక్కరలేదనుకుంటున్నారు. ఆ ఇరవై ఐదు నిమిషాలు మిమ్మల్ని ఎవరూ పిలవకుండా చూడగలిగేది వారే. ఈ రాత్రి అడిగితే, ‘ఆరు పేజీలయ్యాయి, ఇప్పుడే గైడ్‌కు మెయిల్ పంపాను, రేపటి నుంచి ఆ వేళకు నన్ను కదిలించకండి’ అని చెప్పండి. కాకపోతే అలా చెప్పేముందు మెయిల్ పంపి ఉండాలి.